ఇంటి కప్పు: వార్ధక్యమా, వ్యాధియా?

ఉక్కు పనికై వచ్చిన తెలుగువారు తరతరాలుగా నివసించుచున్న జంషెడ్‌పూరులో, టాటానగర్ రైలు స్టేషనుకు చేరువనే పర్సుడీహ్ ఉన్నది. అచ్చటి కప్పులు వేసవిలో కాగి, జూన్ మొదలు సెప్టెంబరు వరకు వానకు నానును. కావున మచ్చపడిన ప్రతి కప్పు చెడినదని భయపడరాదు. ప్రతి మచ్చయు ముసలితనమేయని విడువనురాదు.

1. వయస్సు గురుతులు: పెంకులు నల్లబడుట, పాచిపట్టుట, స్లాబు పైపూతపై వెండ్రుకవంటి సన్నని గీతలు పడుట. ఇవి మెల్లగా వచ్చి, కప్పంతట ఇంచుమించు సమముగా నుండును.

2. హాని గురుతులు: పగిలిన పెంకు, వంగిన దూలము, చెదపట్టిన వాసము, స్లాబు క్రింద తడిమచ్చ, తుప్పురంగు చార. ఇనుము తుప్పుపట్టిన ఉబ్బును. ఉబ్బి కాంక్రీటును లోపలినుండియే పగులగొట్టును. కడ్డీ వెంబడి తిన్నగా సాగు బీట దీనికి సాక్ష్యము. కఱ్ఱతో తట్టగా డొల్లగా మ్రోగు చోటును మేస్త్రీకి చూపవలెను.

3. సందేహము తీరు విధము: సన్నని బీట రెండు కొనలయందు పెన్సిలుతో గీతగీసి తేదీ వ్రాయుడి. వానకాలము గడచిన పిమ్మట బీట ఆ గీతలను దాటెనేమో చూడుడి. లేవీయకాండము 14వ అధ్యాయములో యాజకుడును ఇంటి గోడపై పొడను చూచిన దినముననే గోడను పడగొట్టింపడు. ఏడు దినములు ఇల్లు మూయించి, అది వ్యాపించెనాయని మరల చూచును.

అయితే కప్పు వంగినను, పెచ్చులూడినను వేచియుండక ఆ గదిని ఖాళీ చేయుడి. వయస్సునకు ఓర్పు చాలును. హానికి ఆలస్యము తగదు. మీ పిల్లలు నిద్రించు గది కప్పును తలయెత్తి చూచి ఎన్నాళ్లయినది?