లోహమును మలచు యంత్రములు: ఏది ఏ పనికి?

గ్రామమున మంచినీటి పంపు ఆగిపోయినచో ప్రజలు మొదట అడుగునది పంచాయతీ సభ్యులనే. మరమ్మతు ఎవరికి అప్పగింపవలెను, ఎంత సొమ్ము ఈయవచ్చును అని తేల్చుటకు సభ్యులు మెకానిక్కులు కానక్కరలేదు. కాని వర్కుషాపులో ఏ యంత్రము ఏ పని చేయునో ఎరిగియుండుట అవసరము.

మేము చూచిన ఒక గ్రామమున పంపు షాఫ్టు బేరింగు కూర్చుండు చోట అరిగిపోయెను. వెల్డింగుతో లోహము నింపి, ఆకురాయితో రాచి బిగించిరి. వారము తిరుగకమునుపే క్రొత్త బేరింగు చెడిపోయెను; ఊరికి మరల నీరు లేకపోయెను. చేతితో రాచినది కంటికి గుండ్రముగ కనబడునే గాని నిజమునకు గుండ్రము కాదు. ఆ పనికి లేతు కావలెను.

కొయ్యబొమ్మలు చేయువారి తరిమెనను చూచినవారికి లేతు క్రొత్త కాదు. ఇందు తిరుగునది మలచవలసిన ముక్క, ఉలి తిరుగదు. ముక్కను చక్కులో బిగించి త్రిప్పుచుండగా, ఉలి దాని ప్రక్కన మెల్లగా జరుగుచు పొరలుపొరలుగా చెక్కును. ముక్క ఒకే ఇరుసుపై తిరుగుటచేత ఉలి తాకినదెల్ల గుండ్రమగును. షాఫ్టులు, బుష్షులు, కప్పీలు, చెరకు గానుగ రోలర్లు ఇట్లే తయారగును. మరచుట్లును ఇచ్చటనే కోయుదురు. ఉలిని నడపు పొడవాటి మరకు లీడుస్క్రూ అని పేరు. దాని చుట్టునకు చుట్టునకు నడుమ 6 మిల్లీమీటర్లున్నచో, 2 మిల్లీమీటర్ల మర కోయుటకు ముక్క 3 చుట్లు తిరుగులోపల లీడుస్క్రూ 1 చుట్టు తిరుగునట్లు పండ్లచక్రములను అమర్తురు. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతమున ఈ ఏర్పాటును చక్కపరచిన పిదప ఒకే కొలతగల మరలను చేయుట సులభమైనది.

డ్రిల్లింగు యంత్రమున వరుస తారుమారగును. ముక్క కదలదు, వడ్రంగి బర్మావలె డ్రిల్లు తిరుగుచు దిగును. బెజ్జము పెద్దదైనకొలది వేగము తగ్గింపవలెను. మెత్తని ఉక్కులో 10 మిల్లీమీటర్ల బెజ్జమునకు నిమిషమునకు సుమారు 800 చుట్లు సరిపోవును. 20 మిల్లీమీటర్లకు అందు సగము చాలును. ముక్కను చేతితో పట్టుకొనుట తగదు. డ్రిల్లు ఆవలికి వెలువడు క్షణమున అది ముక్కను పట్టి గిరగిర త్రిప్పివేయును.

మరల షాఫ్టు సంగతికి వత్తము. దానిపై చక్రము జారకుండ కీ అను ఇనుపముక్కను ఇముడ్చుటకు పొడవైన గాడి కావలెను. ముక్కను గుండ్రముగ త్రిప్పి కోయు పద్ధతిలో ఈ గాడి రాదు. షేపరు దీనిని చేయగలదు. అది వడ్రంగి చిత్రికవంటిది: ఉలి ముందుకు పోవునప్పుడు కోయును, వెనుకకు వచ్చునప్పుడు ఊరక వేగముగ వచ్చును. ఒంటి ఉలి గనుక పని నెమ్మది. మిల్లింగు యంత్రమునకు పెక్కు పండ్లుగల కట్టరు ఉండును. కట్టరు తిరుగుచుండగా బల్లపై బిగించిన ముక్క దానిక్రిందకు జరుగును. గాడులు, చదును ముఖములు, పండ్లచక్రములు దీనిపై త్వరగా తయారగును. పండ్లను సమానముగ పంచుటకు వాడు డివైడింగు హెడ్డులో సామాన్యముగ పిడిని 40 చుట్లు త్రిప్పిన ముక్క 1 చుట్టు తిరుగును; కావున 20 పండ్ల చక్రమునకు ఒక్కొక్క పంటికి పిడిని 2 చుట్లు త్రిప్పిన చాలును.

గ్రైండింగు యంత్రము సానరాయి వంశమునకు చెందినది. ఉలికి లొంగని గట్టిపరచిన ఉక్కును సయితము అది సన్నసన్నగా అరుగదీసి కచ్చితమైన కొలతకు తెచ్చును. లావుగ చెక్కుటకు దానిని వాడిన కాలము, ఖర్చు వ్యర్థము.

కంప్యూటరుతో నడచు యంత్రములు నేడు కలవు గదా యని కొందరడుగవచ్చును. ఒకే వస్తువును వందలకొలది చేయువారికి అవి మేలు. ఒక్క షాఫ్టు మరమ్మతుకు సాధారణ లేతు చాలును.

గ్రామయువకుడెవరైన వర్కుషాపు పెట్టదలచి సలహా కోరినచో, మొదట లేతు, పిదప డ్రిల్లింగు యంత్రము అని చెప్పుదుము. పాత లేతు కొనునప్పుడు రంగును చూచి మోసపోరాదు. చక్కు దగ్గరనే బెడ్డు ఎక్కువగ అరుగును. ఒక కడ్డీని తరిమెన పట్టించి, రెండు కొనలను మైక్రోమీటరుతో కొలిపించిన నిజము బయటపడును. ఐ.టి.ఐ.లో టర్నరు శిక్షణ 2 ఏండ్లు. అది పొందినవానికి ఈ పరీక్ష తెలిసియే యుండును. ఇక భుజముపై కండువా, వ్రేలాడు చొక్కాచేతులు, చేతితొడుగులు తిరుగు యంత్రము దగ్గర పనికిరావు. చక్కులో తాళపుచెవిని మరచి యంత్రమును నడపినచో అది తూటావలె ఎగిరివచ్చును.

షాఫ్టును పంపునప్పుడు దానితోబాటు అమర్పవలసిన క్రొత్త బేరింగును గూడ వర్కుషాపునకు పంపవలెను. 40 మిల్లీమీటర్ల షాఫ్టుపై బిగువుకు, వదులుకు నడుమ భేదము మిల్లీమీటరులో నూరవ వంతుల లెక్క. వెల్డింగు వేడికి షాఫ్టు వంగియుండవచ్చును గనుక, దానిని రెండు కొనల నడుమ త్రిప్పి చూపుమని అడిగి, ఆ పిమ్మటనే బిల్లుపై సంతకము చేయవలెను.