కొండమీద ఇల్లు కొన్న చిన్నాకు



నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఇంటి ఫోటోలు అన్నీ చూశాను. ఇల్లు బాగుంది. డెక్ మీద నిలబడితే లోయంతా కనిపిస్తోంది, చేయి చాపితే అందేంత దగ్గర్లో యూకలిప్టస్ చెట్లు. మెల్‌బోర్న్ శివార్లలో, టార్నీట్‌లో గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ళ మధ్య ఉండి వచ్చినవాళ్ళకి కింగ్‌లేక్ కొండ స్వర్గంలాగే ఉంటుంది, కాదనను. పాలు పొంగించిన రోజు నలుగురిలో ఈ మాటలెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు అక్టోబరు దాటింది, ఇక్కడ ఎండాకాలం దగ్గరపడింది, గడ్డి రంగు మారుతోంది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

ఆ రోజు నువ్వన్న మాట ఒకటి నాకు నచ్చలేదు. "పల్నాటి ఎండల్లో పుట్టి పెరిగినవాళ్ళం, మనకి ఈ ఎండ ఒక లెక్కా" అన్నావు. రెంటచింతల ఎండ నేనూ ఎరుగుదును. అయితే అక్కడ ఎండ ఉగాది నుంచి మెల్లగా ముదురుతుంది, ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. ఊరు ఊరంతా దానికి తగ్గట్టు మారుతుంది. పొలం పని తెల్లవారుజామునే తెములుతుంది, మధ్యాహ్నం కొట్లు మూస్తారు, ఎవరింటికి వెళ్ళినా ముందు మజ్జిగ ఇస్తారు. ఇన్ని చేసుకున్నా 2015లో వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. అంటే అలవాటున్న చోట కూడా ఎండ ఎవరినీ వదిలిపెట్టలేదు.

ఇక్కడ ఆ అలవాటుకే వ్యవధి ఉండదు. మొన్న స్వెట్టర్ వేసుకుని ఉంటాం, ఎల్లుండికి 43 డిగ్రీలు. ఆఫీసు వేళలు మారవు. ఇళ్ళు చలిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. వేడి ఒకసారి లోపలికి చేరిందంటే మూడో రోజు రాత్రి కూడా గోడలు చల్లబడవు. పడుకున్నప్పుడైనా ఒంటికి తెరిపి దొరక్కపోతే, అసలు ముప్పు అక్కడ మొదలవుతుంది.

2009 జనవరి ఆఖర్లో మెల్‌బోర్న్‌లో వరసగా మూడు రోజులు 43 దాటింది. రైలు పట్టాలు వంగి రైళ్ళు ఆగిపోయాయి. మూడో రోజు సాయంత్రం లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. మా ఎదురింట్లో ఒక ఇటాలియన్ తాత ఒంటరిగా ఉండేవాడు. ఆయన టమాటా మొక్కలంటే ఆ వీధిలో అందరికీ గౌరవం. ఆ వారం కాయలు ఎండ తగిలిన వైపు తెల్లగా బొబ్బలెక్కి, తీగ మీదే ఉడికిపోయాయి. పొద్దున్నే నీళ్ళు పెట్టే మనిషి బయటికి రాలేదేమని మీ పెదనాన్న వెళ్ళి తలుపు కొట్టారు. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, ఏసీ ఉంది కానీ వేయలేదు, బిల్లు భయం. ఒంటి మీద చేయి వేస్తే పొయ్యి మీది పెనంలా కాలుతోంది, ఒక్క చెమట చుక్క లేదు. ఎప్పుడో చనిపోయిన భార్యని పేరు పెట్టి పిలుస్తూ ఏదో మాట్లాడుతున్నాడు. తడి తువ్వాళ్ళు మెడకీ చంకల్లోకీ పెట్టి, అంబులెన్సు కోసం 000కి ఫోన్ చేశాం. బతికాడు. చెమట ఆగిపోవడం, మాట తడబడడం, ఈ రెండింటిలో ఏది కనిపించినా ఇంక ఆలోచించకూడదు చిన్నా, అంబులెన్సే.

ఆ వారం వేడి వల్ల విక్టోరియాలో మామూలుకన్నా 374 మంది ఎక్కువ చనిపోయారని తర్వాత ఆరోగ్య శాఖ లెక్కగట్టింది. ఆ మరుసటి వారం వచ్చిన కార్చిచ్చులో పోయినవాళ్ళు 173. మంటల్లో పోయినవాళ్ళకి స్మారకాలు ఉన్నాయి, ఏటా తలుచుకుంటారు. ఈ 374 మంది గురించి అడిగితే చాలామందికి తెలియదు. మూసిన గదుల్లో ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోతే వార్త అవదు.

ఇది ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, డిసెంబరులో మీ అమ్మ వస్తోంది. దాని సంగతి నీకన్నా నాకు ఎక్కువ తెలుసు. మీరు ఆఫీసుకు బయల్దేరగానే ఏసీ కట్టేస్తుంది. మధ్యాహ్నం డెక్ మీద వడియాలు పెడతానంటుంది. దాహం వేస్తే తప్ప నీళ్ళు తాగదు, ఆ వయసులో దాహమే సరిగ్గా తెలియదు. బీపీకి వేసుకునే మాత్రల్లో ఒంట్లో నీరు తీసే రకం ఉందేమో చీటీ చూడు. ఉంటే ఎండ రోజుల్లో ఎలా వాడాలో బయల్దేరే ముందే అక్కడి డాక్టర్ని అడిగించు, మీరు సొంతంగా మానిపించొద్దు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, దానికి ఇంగ్లీషు రాదు, కారు నడపడం రాదు. ఫోన్‌కి హెచ్చరిక వచ్చి మోగితే అలారం అనుకుని నొక్కేస్తుంది. నువ్వూ కోడలూ ఇద్దరూ సిటీలో ఉండగా అది ఒక్కతే ఆ కొండ మీద ఉండే రోజు ఎండాకాలంలో ఒక్కటి కూడా ఉండకూడదు. ఇది సలహా కాదు, దాని అక్కగా చెబుతున్న మాట.

ఇంక మంట సంగతి. 2009 ఫిబ్రవరి 7, శనివారం. ముందురోజే అప్పటి విక్టోరియా ప్రీమియర్ జాన్ బ్రంబీ టీవీలో చెప్పాడు, రేపు ఈ రాష్ట్ర చరిత్రలోనే చెడ్డ రోజు కావచ్చని. చెప్పలేదనడానికి లేదు. విన్నాం, బజారుకెళ్ళి ఐసు తెచ్చుకున్నాం. శనివారం ఎడారి వైపు నుంచి ఉత్తర గాలి మొదలైంది. సిటీలో 46.4 డిగ్రీలు, అప్పటిదాకా అక్కడ అంత ఎండ నమోదు కాలేదు. తీగ మీద ఆరేసిన దుప్పటి నేను రెండోది ఆరేసేలోపే ఎండిపోయింది. పొద్దు వాలుతుండగా నైరుతి నుంచి చల్లగాలి వచ్చింది. వీధిలో అందరం తలుపులు బార్లా తీసి బయటికి వచ్చేశాం, పిల్లలు కేకలు వేశారు. ఇక్కడ ఏ వేసవిలోనైనా ఇలాగే జరుగుతుంది, ఆ గాలి కోసమే అందరూ కాచుకుని కూర్చుంటారు.

మీ కొండ మీద ఆ సాయంత్రం ఏం జరిగిందో మాకు మర్నాటికి గాని తెలియలేదు. పొద్దున పదకొండు దాటాక కిల్‌మోర్ ఈస్ట్ దగ్గర ఒక కరెంటు తీగ తెగి నిప్పంటుకుంది. ఉత్తర గాలి ఆ మంటను ఆగ్నేయంగా, సన్నగా, పొడుగ్గా లాక్కుపోయింది. ముందుండేది ఇరుకు కొస, పక్కన మైళ్ళ పొడవున అంచు. నైరుతి గాలి తిరిగేసరికి ఆ పొడవాటి అంచు మొత్తం ఒక్కసారిగా ముందు వరసైంది. కింగ్‌లేక్... ఆ ఒక్క మంటే 119 మందిని పొట్టన పెట్టుకుంది. మాకు ప్రాణం లేచివచ్చినట్టు అనిపించిన గాలే వాళ్ళ మీదికి మంటను తిప్పింది. అందుకే చల్లగాలి వస్తోందని రేడియోలో వింటే సిటీలో ఉన్నవాళ్ళు సంతోషించవచ్చు, కొండ మీద ఉన్నవాళ్ళు భయపడాలి.

నీ ఇల్లు వాలుకి పైన ఉంది. మంట పైకి ఎక్కేటప్పుడు ఆగదు, పరిగెడుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ దాని వేగం రెట్టింపవుతుందని ఇక్కడి ఫైర్‌వాళ్ళు లెక్క చెబుతారు. ఆ ఫోటోల్లో చెట్ల నుంచి రిబ్బన్లలా వేలాడుతున్న బెరడు చూసి కోడలు ముచ్చటపడింది కదా. అది నిప్పంటుకుని గాల్లోకి లేచి, మంట కన్నా ముందే వచ్చి పడుతుంది. ఆ శనివారం 30 కిలోమీటర్లకు పైగా ఎగిరివెళ్ళి కొత్త మంటలు పెట్టింది. చాలా ఇళ్ళు మంట నాలుక తగిలి కాలినవి కావు. ఆ నిప్పురవ్వలు గట్టర్లో ఎండాకుల మీదో, డెక్ చెక్కల సందులోనో, పెంకుల కిందో దూరి, లోపల్నుంచి కాలినవి. ఇంటి కప్పు మీద పెద్ద కూలరు ఉంది చూశావా? అది బయటి గాలిని లోపలికి లాగుతుంది. పొగ గాని రవ్వలు గాని ఉన్న రోజు అది వేయడమంటే నిప్పుని ఇంట్లోకి పిలవడమే. జల్లెడ బిగించారో లేదో మనిషిని పిలిపించి చూపించు.

అప్పట్లో ప్రభుత్వం చెప్పిన పద్ధతి ఏమిటంటే, సిద్ధంగా ఉండి ఇల్లు కాపాడుకోండి, లేదంటే ముందే వెళ్ళిపోండి. వినడానికి బాగానే ఉంది. జనం చేసింది మాత్రం ఈ రెండూ కాదు, చూద్దాంలే అని కూర్చున్నారు. చనిపోయినవాళ్ళలో 113 మంది ఇళ్ళలోనే పోయారని రాయల్ కమిషన్ తేల్చింది. దారిలో, కార్లలో పోయినవాళ్ళూ ఉన్నారు, ఆలస్యంగా బయల్దేరి. పట్టపగలు చీకటైపోయి, చెట్లు రోడ్డుకి అడ్డం పడితే ఆ మలుపుల దారిలో నీ కారు ఎటు పోతుంది? మంట తాకక్కర్లేదు, దాని వేడి సెగ చాలు మనిషిని చంపడానికి.

కాబట్టి నేను అడిగేది ఒకటే. పొగ కనిపిస్తే వెళ్దాం, ఫోన్ మోగితే వెళ్దాం అనే మాట మీ ఇంట్లో వినబడకూడదు. వెళ్ళాలో వద్దో నిప్పుని చూసి కాదు, ముందురోజు సాయంత్రం మర్నాటి మంట ప్రమాదపు రేటింగు చూసి తేల్చుకోండి. ఇప్పుడు నాలుగే మెట్లు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కటాస్ట్రఫిక్. మీ జిల్లాకి కటాస్ట్రఫిక్ అంటే ఆ రాత్రే భోజనానికి మా ఇంటికి వచ్చేయండి. ఎక్స్‌ట్రీమ్ అయితే అందరికీ ఏం చెబుతారో నాకనవసరం, మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ అప్పుడు కూడా రండి. వేసవిలో ఇలా ఎన్నోసార్లు వస్తారు, ఒక్కసారి కూడా ఏమీ జరగదు, వెనక్కి వెళ్ళేటప్పుడు నీకు సిగ్గుగా ఉంటుంది. ఉండనీ. పక్కింటాయనకి డీజిల్ పంపు ఉంది, ఆయన ఉంటున్నాడుగా అంటావు. ఆయన సీఎఫ్‌ఏ ఫైర్ దళంలో వాలంటీరు, ఏళ్ళ తరబడి మంటల మీదికి వెళ్ళినవాడు. నీది కరెంటు మోటారు. కరెంటు పోతే ట్యాంకు నిండా నీళ్ళుండి కూడా గొట్టంలోంచి చుక్క రాదు.

కరెంటంటే గుర్తొచ్చింది. గ్యారేజీ తలుపు రిమోటుతో తెరుచుకునేది కదా, కరెంటు లేనప్పుడు చేత్తో ఎలా ఎత్తాలో కోడలికి నేర్పించు. ఇప్పుడే, పగటిపూట, రెండుసార్లు ఎత్తించు. సెల్ టవర్లు కూడా పడిపోతాయి గనక బ్యాటరీ రేడియో ఒకటి కొను, ఏబీసీ పెట్టి ఉంచు. సంచీలో పాస్‌పోర్టులు, బంగారం, మందులు, ఇన్సూరెన్సు కాగితాలు. కారులో ఉన్ని దుప్పట్లు. పాలిస్టర్ బట్టలు ఒంటికి అంటుకుని కరుగుతాయి, ఆ రోజుల్లో నూలువే కట్టుకోండి. ఇన్సూరెన్సు ఎంతకి చేశావో మళ్ళీ చూసుకో, బ్యాంకు అప్పుకి సరిపడా చేసి ఊరుకోకు.

సంక్రాంతికి అందరం మీ ఇంట్లోనే అన్నావు. ఈ దేశంలో భోగి నడివేసవిలో వస్తుందని మర్చిపోకు. టోటల్ ఫైర్ బ్యాన్ ఉన్న రోజు ఆరుబయట నిప్పు రాజేస్తే నేరం. ఆ బ్యాన్ లేకపోయినా ఎండాకాలంలో ఆ కొండ మీద భోగిమంట మాట ఎత్తకు. పిల్లలకి భోగిపళ్ళు పోద్దాం, అది చాలు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు దేవుడి దగ్గర దీపం మీ అమ్మ కొండెక్కించదు, అపశకునం అంటుంది. దానికి నేను ఫోన్‌లో చెప్పుకుంటాలే.

మంట దూరంగా ఉన్నా పొగని తేలిగ్గా తీసుకోకండి. 2019-20 వేసవిలో దేశమంతా కలిపి మంటల్లో 33 మంది పోతే, పొగ వల్ల 400 మందికి పైగా పోయి ఉంటారని పరిశోధకులు అంచనా వేశారు. కోడలికి ఆయాసం ఉంది కదా. పీ2 మాస్కులు నా దగ్గర ఒక డబ్బా ఉన్నాయి, వచ్చినప్పుడు తీసుకెళ్ళు.

మీ అమ్మకి టికెట్ ఇంకా తీయకపోతే మార్చికి మార్చు. వాతావరణం బాగుంటుంది, టికెట్ కూడా చవక. తీసేశావంటే, జనవరి, ఫిబ్రవరి రెండు నెలలూ మా ఇంట్లో ఉంటుంది, శని ఆదివారాలు మీరొచ్చి చూసిపోండి. ఈ సంగతి దానికి నువ్వు చెప్పకు, నేనే చెబుతాను. పైగది ఖాళీ చేయిస్తున్నాను, రెండో తాళంచెవి ఈసారి వచ్చినప్పుడు ఇస్తాను. గట్టర్లు శుభ్రం చేసే మనిషి దొరకలేదన్నావు, మా వీధిలో చేసే అబ్బాయి కొండ దాకా వస్తానన్నాడు. వచ్చే ఆదివారం కుదురుతుందో లేదో శుక్రవారంలోగా చెప్పు, అతనికి మాటివ్వాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ