‘ఊళ్లో లేరు’ – టీకాల ప్రణాళికలో ఒక లెక్క



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. కానీ ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు కోసం ఈ ఏడాది ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు నెలలు టీకాల రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నది మీతో పంచుకోవడమే మేలనిపించింది.

మాది పాలమూరు జిల్లా. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే. అమ్మానాన్నలు పుణె వైపు కట్టుబడి పనులకు వలస పోయేవారు. నన్ను నానమ్మ దగ్గర వదిలి, చంటిపిల్ల అయిన చెల్లిని వెంట తీసుకుపోయారు. తొమ్మిది నెలలు నిండాక వేయాల్సిన తట్టు టీకా చెల్లికి పడలేదు. రెండేళ్ల వయసులో అక్కడ పనిచోటే తట్టు పోసింది. జ్వరం తగ్గింది కానీ రెండు చెవుల్లో చీము పట్టింది. కుడిచెవి బాగుపడింది, ఎడమచెవి బాగుపడలేదు. ఇప్పటికీ తనను పిలవాలంటే కుడివైపు నుంచి పిలుస్తాం. “సూది ఏపిద్దామంటే ఊళ్లె లేకపోతిమి బిడ్డా” అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

నేను చూసిన రిజిస్టర్లలో కొందరు పిల్లల పేర్లకు ఎదురుగా అదే మాట రాసి ఉంది: ‘ఊళ్లో లేరు’. అది అబద్ధం కాదు. నిజంగానే ఊళ్లో లేరు. అయితే వాళ్లు ఎక్కడ ఉన్నారో ఆ చోటి రిజిస్టర్‌లో కూడా పేరు ఉండదు. రెండుచోట్లా లెక్క సరిగ్గానే ఉంటుంది, పిల్ల మాత్రం లెక్కలో ఉండదు.

మన దేశంలో విస్తృత టీకా కార్యక్రమం 1978లో, సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలయ్యాయి. క్షయ, పోలియో, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, తట్టు, కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వంటి జబ్బులకు టీకాలు ఉచితంగా ఇస్తారు. ఇవన్నీ పరీక్షల కోసం మీరు చదివేవే కాబట్టి వాటి జోలికి పోను. టీకా ఉండటం వేరు, ఒక ప్రాంతంలో ఆ జబ్బును అదుపు చేయడం వేరు. ఆ రెంటి నడుమ ఉండేదే ప్రణాళిక. మెదడువాపు (జేఈ) టీకానే చూడండి. దాన్ని దేశమంతటా ఇవ్వరు, ఆ జబ్బు కనిపించే జిల్లాలను ఎంచి అక్కడే ఇస్తారు. ఎక్కడ ఎవరికి ప్రమాదమో తెలియకుండా ప్రణాళిక మొదలుకాదు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. మైదాన ప్రాంతంలో ఒక ఆరోగ్య ఉపకేంద్రం కిందికి సుమారు 5,000 జనాభా వస్తుంది. జననాల రేటు వెయ్యికి 18 అనుకుంటే ఏడాదికి 90 మంది పుడతారు. వారిలో 90 శాతం మందికి, అంటే 81 మందికి, తట్టు టీకా మొదటి డోసు వేశామనుకుందాం. మీటింగులో చప్పట్లు కొట్టే అంకె ఇది. కానీ తొమ్మిది నెలల వయసులో వేసే ఒక్క డోసుతో సుమారు 85 శాతం మందికే రక్షణ వస్తుంది. 81లో 85 శాతమంటే 69. మిగిలిన 21 మందికి రక్షణ లేదు. వారిలో 9 మంది టీకా పడనివారు, 12 మంది పడినా పనిచేయనివారు. వచ్చే ఏడాది ఇంకో 21, ఆపై ఏడాది ఇంకో 21. నాలుగేళ్లకు 84. దాదాపు ఒక ఏడాదిలో పుట్టే పిల్లలంత మంది ఊళ్లో ఎండుగడ్డిలా పోగయ్యారన్నమాట. తట్టు ఎంత అంటువ్యాధి అంటే, రక్షణ లేనివారి మధ్య ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుంది. దాన్ని ఆపాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసు ఎందుకు పెట్టారో ఈ లెక్క చేశాకే నాకు అర్థమైంది. 2010 నుంచి మన దేశంలో దాన్ని చేర్చడం మొదలైంది.

సగటు అనేది ఇంకో మాయ. ఆరు ఉపకేంద్రాల్లో అయిదింట 96 శాతం, ఒకదాంట్లో 60 శాతం ఉందనుకోండి. సగటు 90. జిల్లాకు పోయే కాగితం మీద అన్నీ బాగున్నట్టే. తట్టుకు మాత్రం సగటుతో పని లేదు, అది నేరుగా ఆ 60 శాతం ఊరికే పోతుంది. సగటు అంటే ఏమిటో మూడేళ్లు డిగ్రీలో చదివాను. అది ఎవరిని దాచిపెడుతుందో మాత్రం పుస్తకంలో చెప్పలేదు!

తక్కువ శాతం ఉన్న చోట కూడా కారణం ఒకటే అనుకోరాదు. 90 మంది పిల్లలున్న రెండు ఉపకేంద్రాలను ఊహించండి. మొదటిదాంట్లో పెంటావలెంట్ తొలి డోసు 50 మందికి, మూడో డోసు 47 మందికి పడింది. రెండోదాంట్లో తొలి డోసు 86 మందికి పడితే, మూడోది 50 మందికే. చివరి అంకె రెంటిలోనూ ఇంచుమించు ఒకటే, జబ్బు మాత్రం వేరు. మొదటిచోట వచ్చినవారు మళ్లీ వస్తున్నారు, కానీ సగం మందికి టీకా అందుబాటులోనే లేదు. తండా దూరమో, అక్కడ టీకాల రోజే పెట్టలేదో, పేర్లే రాసుకోలేదో చూడాలి. రెండోచోట అందరూ ఒకసారి వచ్చి మానేస్తున్నారు. నూటికి 42 మంది మధ్యలో ఆగిపోయారు. ఈ సంఖ్య 10 దాటితేనే ఏదో లోపం ఉన్నట్టు. సూది వేశాక జ్వరం వస్తే భయపడ్డారా, కూలికి పోయే వేళకే టీకాలు పెట్టారా, వచ్చినరోజు మందు లేదని తిప్పి పంపారా అని అడగాలి. మొదటి ఊరికి కొత్తగా టీకాల రోజు కావాలి, రెండో ఊరికి మాట కావాలి. ఏ టీకా వేశాం, ఏం రావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు దాచుకోండి అన్న నాలుగు ముక్కలు తల్లికి విసుక్కోకుండా చెప్పేవారు కావాలి.

మందు సంగతీ చెప్పాలి. టీకాలను +2 నుంచి +8 డిగ్రీల మధ్య కాపాడాలి. పెంటావలెంట్ వంటివి గడ్డకడితే పనికిరావు. బీసీజీ, తట్టు-రుబెల్లా టీకాలను ఒకసారి ద్రావకంతో కలిపితే 4 గంటల్లోపే వాడాలి, మిగిలింది పారేయాలి. అందుకే ఒక్క పాపే వచ్చినరోజు సీసా విప్పడానికి చేతులు రావు. “వచ్చే బుధవారం రామ్మా” అంటారు. వృథా అవుతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే ప్రణాళికలోనే వృథాను కలిపి లెక్క వేస్తారు. సగం వృథా అవుతుందనుకుంటే అవసరానికి రెట్టింపు తెప్పించుకుంటారు. కూలి మానుకుని వచ్చిన తల్లి వచ్చే బుధవారం వస్తుందో రాదో ఎవరికి తెలుసు? నా మట్టుకు, సీసా విప్పడమే సరైన లెక్క.

ఇక పోలియో. ప్రపంచంలో ఏ దేశంలోనూ లేనన్ని కేసులు, 741, మన దేశంలో 2009లో వచ్చాయి. చివరి కేసు 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. అయిదేళ్లలో ఇంత మార్పు ఎలా వచ్చింది? చుక్కలమందు అంతకుముందూ ఉంది. మారింది వెతికే పద్ధతి. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో జబ్బు వదలని 107 బ్లాకులను ఎంచి ప్రత్యేక ప్రణాళిక వేశారు. ఇటుక బట్టీలను, సంచార జాతుల గుడారాలను, కట్టుబడి స్థలాలను పేరుపేరునా జాబితాకెక్కించారు. రైళ్లలో, బస్టాండ్లలో చుక్కలు వేశారు. పల్స్ పోలియో రోజుల్లో గోడల మీద సుద్దతో ‘పి’ అనో, ‘ఎక్స్’ అనో రాయడం మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పి అంటే ఆ ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడ్డాయని. ఎక్స్ అంటే ఇంటికి తాళం ఉంది, పిల్ల ఊరెళ్లింది లేదా వద్దన్నారు, కాబట్టి మళ్లీ రావాలని. ఆ ఎక్స్ ఇళ్లకు మళ్లీ వెళ్లేవారు. ‘ఊళ్లో లేరు’ అన్న మాట రాస్తే పని అయిపోయినట్టు, ఎక్స్ రాస్తే పని మిగిలినట్టు. తేడా అంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. 2014 డిసెంబరులో 201 జిల్లాలతో మొదలైన మిషన్ ఇంద్రధనుష్ కూడా ఇదే పద్ధతిని మిగతా టీకాలకు పట్టుకొచ్చింది.

ప్రాజెక్టు చివరి వారంలో ఏఎన్ఎం అక్క వెంట చెరువు అవతల ఇటుక బట్టీకి వెళ్లాను. ఉపకేంద్రం గోడ మీది పటంలో ఆ చోట ఏమీ గీసి లేదు. అక్కడున్నది ఒడిశా కూలీలు. ఒకామె రేకుడబ్బాలోంచి బిడ్డ టీకా కార్డు తీసి ఇచ్చింది. ఒరియా అక్షరాలు మాకిద్దరికీ రావు. తేదీలు మాత్రం అంకెల్లో ఉన్నాయి! పెంటావలెంట్ ఒక్క డోసు పడింది, ఆపైన గళ్లు ఖాళీ. అక్క అక్కడే రెండో డోసు వేసింది. నాలుగు వారాల తర్వాతి తేదీని కార్డులోనూ, రిజిస్టర్ చివరి పేజీలోనూ రాసింది. వానలకు ముందే వాళ్లు తిరిగి వెళ్లిపోతారు కాబట్టి ఆ తేదీ అంతకు ముందే పడిందో లేదో వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకుంది. తిరిగి వచ్చాక పటంలో చెరువు పక్కన పెన్సిల్‌తో చిన్న గడి గీసింది.

ఇక మన హాస్టల్ మాట. మనమూ ‘ఊళ్లో లేని’ పిల్లలమే. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ టీకా వేయించుకోవాలి, ధనుర్వాతానికీ కంఠసర్పికీ. కంఠసర్పి పసివాళ్ల జబ్బే అనుకోకండి, ఈ మధ్య బడి వయసు పిల్లల్లోనే ఎక్కువగా కనిపిస్తోంది. ఒకే గదిలో పక్కపక్కన పడుకునే మనకు అది చిన్న సంగతి కాదు. ఊళ్లో బడికి టీకా వాళ్లు వచ్చిన రోజు మీరిక్కడ ఉంటారు, ఇక్కడికి వచ్చిన రోజు సెలవుకు ఊరెళ్లి ఉంటారు. దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మనడిగి పాత టీకా కార్డు వెతకండి. దొరికితే జిరాక్సు తీసి వార్డెన్ సార్‌కు ఇవ్వండి. దొరక్కపోతే దొరకలేదనే చెప్పండి, ఆ పేరు ఎదురుగా ఎక్స్ రాసి పెట్టుకోమని సార్‌ను అడిగాను.