కోళ్ళ కాలేయ రక్షణకు మూలికా సారములు



కోడి నలతపడినప్పుడు మనము చూచునది దాని తురాయి, కన్నులు, రెట్ట. లోపలనున్న కాలేయమును తలంచువారు అరుదు. కాని పెరటికోళ్ళు వానకాలమున ఒకటొకటిగా క్షీణించి, గ్రుడ్లు మాని, తుదకు చచ్చుచున్నప్పుడు పెక్కుసారులు దెబ్బతినియుండునది ఆ అవయవమే. దానిని కాపాడుకొనుటకు మన గట్లమీది మూలికలు ఎంతవరకు పనికివచ్చునో, ఎక్కడ పనికిరావో ఈ పాఠమునందు వివరింతును.

1. కాలేయము చేయు పని

కాలేయమునే మన గ్రామములలో కార్జమందురు. ఆరోగ్యముగల కోడియందు అది ముదురు ఎరుపు కలిసిన గోధుమవర్ణముతో, పలుచని అంచులతో నుండును. క్రొత్తగా పొదిగిన పిల్లలలో మాత్రము పచ్చసొన ఇంకుటచేత కొన్నిదినములు పసుపుపచ్చగా నుండును. అది రోగము కాదు.

కోడి తినిన గింజలోని పిండిపదార్థమును క్రొవ్వుగా మార్చునది ముఖ్యముగా కాలేయమే. గ్రుడ్డులోని పచ్చసొనకు వలసిన పదార్థములు అక్కడనే తయారై రక్తముద్వారా అండాశయమునకు చేరును. పైత్యరసమును ఊరించి, మేతలోని క్రొవ్వు జీర్ణమగుటకు తోడ్పడును. ఇవిగాక, మేతతోపాటు లోనికి వచ్చిన విషములను విరిచి బయటకు పంపు కావలివాడు కూడ అదే. కావలివాడు పడిపోయిన ఇల్లు ఎంతకాలము నిలుచును?

2. శత్రువు ఎక్కడనుండి వచ్చును?

1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందు లక్షకు పైగా సీమకోడి పిల్లలు చచ్చినవి. మొదట కారణము తెలియక దానికి ఒక అనామక రోగమని పేరు పెట్టిరి. తరువాత పరీక్షింపగా, ఆ పిల్లల మేతలో బ్రెజిలు దేశమునుండి వచ్చిన వేరుసెనగ చెక్క కలిసినట్లును, ఆ చెక్కకు అస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పట్టినట్లును తేలినది. ఆ బూజు పుట్టించు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములలో తడిసి బూజుపట్టిన మొక్కజొన్నలు తినిన మనుష్యులే కాలేయము చెడి అనేకులు మరణించిరి. కావున ఇది కోళ్ళకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు.

వేరుసెనగ, మొక్కజొన్న రెండును మన పంటలే. వేరుసెనగ కాయ ఊరుదశలో వాన తప్పి భూమి ఎండిపోయినయెడల ఈ బూజు పొలమునందే కాయలోనికి ప్రవేశించును. కోసినపిమ్మట సరిగా ఆరనిచో ఇంటిలో పెరుగును. ఈ క్రింది మూడు సంగతులు ప్రతి సభ్యుడును గుర్తుంచుకొనవలెను.

మొదటిది: బూజు కంటికి కనబడకున్నను విషముండవచ్చును. రెండవది: ఉడికించినంతమాత్రమున ఈ విషము పోదు, వంటయింటి వేడికి అది చాలవరకు నిలుచును. మూడవది: ఎండబెట్టుట బూజు పెరుగుదలను ఆపునుగాని, అప్పటికే పుట్టిన విషమును పూర్తిగా తీసివేయదు.

ఈ విషమునకు బాతుపిల్లలు అన్నిటికంటె త్వరగా లొంగును. కోళ్ళలో రెక్కలు వ్రేలవేయుట, తురాయి పాలిపోవుట, మేత తగ్గుట, గ్రుడ్లు తగ్గుట చూడవచ్చును. ఇంకొక హాని కంటికి కనబడదు. కోడికి రోగములను ఎదిరించు శక్తి తగ్గుటచేత, కొక్కెర తెగులునకు వేయించిన టీకా కూడ సరిగా పట్టకపోవచ్చును.

3. ఏ మూలికలు, ఎట్లు పనిచేయును?

అఫ్లటాక్సిన్ కాలేయమును చేరినపిమ్మట అచ్చటి రసముల చేత మరింత తీక్ష్ణమైన పదార్థముగా మారి, కణములను గాయపరచును. దానిని పట్టి నిర్వీర్యము చేయు గ్లూటథయోన్ అను పదార్థమును కాలేయమే తయారుచేసికొనును. విషము అధికమైనచో ఆ నిలువ తరిగిపోవును. మూలికలలోని సారములు ఈ నిలువను కాపాడి, గాయమును తగ్గించుటకు తోడ్పడును. మన ప్రాంతమున సులభముగా దొరకునవి ఇవి:

పసుపు. ఇందలి కర్కుమిన్ అను పదార్థము ముఖ్యము. 1992లో భారతీయ పరిశోధకులు అఫ్లటాక్సిన్ తినిపించిన బాతుపిల్లలకు పసుపు ఇచ్చి, కాలేయపు గాయములు తగ్గుట చూచిరి. 2008లో అమెరికా దేశపు మిస్సౌరీలో కోడిపిల్లల మేతయందు నూటికి అరపాలు పసుపుపొడి కలిపి పరీక్షించిరి. పసుపు కొంతవరకు కాపాడినది. విషమును పట్టుకొను ఒక విధమైన శుద్ధిచేసిన మట్టినికూడ చేర్చినప్పుడు పెరుగుదల మెరుగై కాలేయపు గాయములు తగ్గినవి.

నేల ఉసిరి. జానెడు మొదలు మూరెడు వరకు పెరుగు చిన్న మొక్క. ఆకులు ఉసిరి ఆకులవలె నుండి, రెమ్మ అడుగున ఆవగింజలవంటి కాయలు వరుసగా నుండును. మనుష్యుల పచ్చకామెర్లకు దీనిని వాడుట మన పెద్దలెరిగినదే.

గుంటగలగర. నీటి కాలువల గట్లపై తెల్లని చిన్నపూలతో పెరుగును. ఆకు నలిపిన రసము కాసేపటికి నల్లబడుటచే సులభముగా గుర్తింపవచ్చును.

నేలవేము. మిక్కిలి చేదు. అధికముగా కలిపినచో కోళ్ళు మేతనే మానును. కావున కొద్దిగా మాత్రమే వాడవలెను.

ఐరోపా ఖండమున ఇట్టి పనికే ఒక ముండ్లమొక్క గింజలనుండి తీసిన సిలిమారిన్ అను సారమును వాడుదురు. అంగడిలో అమ్ము కాలేయపు టానిక్కులు కొన్నిటిలో అదియును, మన మూలికలును కలిసియుండును.

4. సారము తీయు విధము

ఇచ్చట మనవారు సామాన్యముగా చేయు పొరపాటొకటి కలదు. ప్రతి మూలికను నీటిలో కాచి ఇచ్చిన చాలునందురు. కాని పసుపులోని కర్కుమిన్ నీటిలో కరుగదు, నూనెలో కరుగును. త్రాగునీటిలో పసుపు కలిపినచో అది తొట్టి అడుగున పేరుకొనునుగాని కోడి కడుపులోనికి పోదు. కావున పసుపుపొడిని మేతలోనే కలుపవలెను. కిలో మేతకు 5 గ్రాముల పసుపుపొడిని ఒక చిన్నచెంచాడు నువ్వులనూనెలో రంగరించి, ముందు గుప్పెడు తవుడునకు పట్టించి, ఆ తవుడును మేత యంతటికి కలియబెట్టవలెను. పసుపు కొమ్ములను ఇంటనే దంచుకొనుట మేలు. రంగుకొరకు సీసపు రంగులు కలిపిన పొడి కాలేయమునకు మేలు చేయుటకు మారుగా కీడు చేయును.

నేల ఉసిరిని వేరుతో పెరికి, కడిగి, నీడన ఆరబెట్టి పొడిచేసి, కిలో మేతకు 5 గ్రాములకు మించకుండ కలుపవచ్చును. లేనిచో 100 గ్రాముల పచ్చి మొక్కను దంచి, లీటరు నీటిలో సగమగువరకు కాచి, వడపోసి 10 లీటర్ల త్రాగునీటిలో కలిపి ఇయ్యవచ్చును. కషాయమును ఏనాటికానాడే కాచవలెను, నిన్నటిది పులిసిపోవును. పురుగుమందు చల్లిన చేలగట్లమీది మొక్కలను కోయరాదు.

మరియొక మాట. గ్లూటథయోన్ తయారగుటకు గంధకముగల మాంసకృత్తులు కావలెను. ఉత్త నూకలు, తవుడు తిను కోడికి మూలిక ఎంత ఇచ్చినను కాలేయమునకు ముడిసరుకు లేదు. నువ్వుల చెక్కలోను, ఎండుచేపల పొడిలోను ఆ మాంసకృత్తులు మెండు. ఇవి మేతలో కొంత చేర్చినగాని మూలిక తన పని తాను చేయజాలదు.

5. నేను చేసిన తప్పు

కొన్ని సంవత్సరముల క్రిందట నా పరిధిలోని యొక గ్రామమున ఒక సభ్యుని ఇంట సుమారు 60 కోళ్ళు మేతమాని కూర్చుండెను. ఆ గ్రుడ్ల సొమ్ముతోనే ఆ ఇంటి యిల్లాలు సంఘపు అప్పు వాయిదాలు కట్టుచుండెను. చచ్చిన కోడి కాలేయము పాలిపోయి, ఉబ్బి, పట్టుకొనగానే చితికెను. నేను సగర్వముగా నేల ఉసిరి కషాయము చెప్పి పదిదినములలో వత్తునని వెడలితిని. ఆమె ఒక్కపూటయు తప్పక కాచి పోసినది. నేను మరల పోవునప్పటికి సగము కోళ్ళు లేవు.

"అయ్యా, మీరు చెప్పినట్లే చేసితిని. ఏమి తక్కువైనది?" అని ఆమె అడిగినది. అప్పుడు చావడిలోనికి పోయి మేత బస్తాను చూచితిని. వానకు తడిసిన వేరుసెనగ చెక్క గోడకానించి యున్నది. అడుగున వ్రేలు పెట్టగా వెచ్చగా తగిలినది. నేను మొదటినాడే చూడవలసిన బస్తా అది. ఒక చేతితో విషమును, మరియొక చేతితో మందును పెట్టించితిని. ఆమె వలన తక్కువైనదేమియు లేదు. తక్కువైనది నా పరీక్షయే. ఆ చెక్కను పూడ్చిపెట్టించి, పొడిమేతకు మార్చి, పసుపు, నేల ఉసిరి కొనసాగింపగా మిగిలిన కోళ్ళలో పెక్కు తేరుకొన్నవి. వాయిదాకు సంఘము గడువిచ్చినది. ఆనాటినుండి నేను కోడికంటె ముందు మేత బస్తాను చూచుచున్నాను.

6. మనము చేయవలసినది

మొక్కజొన్నలను నూటికి 13 పాళ్ళకు మించి తేమ లేకుండ ఆరబెట్టి, నేలకును గోడకును తగులకుండ చెక్కబల్లలపై నిలువచేయవలెను. చెక్కను నెలకు సరిపడునంత మాత్రమే కొనవలెను. బూజు వాసన వచ్చిన మేతను కోళ్ళకేకాదు, పాడిపశువులకును వేయరాదు. ఆ విషము పాలలోనికి దిగును. మనుష్యులు పారవేసినది కోడికి చాలునన్న మాట ఇకనైనను మానవలెను.

ఒక్కొక్క రైతు మేతను పరీక్ష చేయించుట కష్టము. సంఘమునకు కష్టము కాదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థవారు ఈ విషమును తక్కువ ఖర్చుతో కొలుచు పరీక్షను రూపొందించిరి. సంఘము కలిసి కొను చెక్కనుండి ఒక నమూనా తీసి పరీక్షింపించినచో ఖర్చు అందరికిని పంచబడును, మేలు అందరికిని దక్కును.

కోళ్ళు ఒకటి రెండు దినములలో గుంపుగా చచ్చినచో మూలికలతో కాలము గడపరాదు. చచ్చినవాటిని కోయక, తాకక, వెంటనే పశువైద్యునికి తెలుపవలెను. అది అంటురోగము కావచ్చును.

మూలిక కావలివానికి తోడు. దొంగకు తలుపు తెరచియుంచి కావలివానికి తోడు పంపుటవలన ఫలమేమి? ముందు తలుపు మూయుడు.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ ఇంట కోళ్ళ మేత ఎచ్చట నిలువయున్నది? బస్తా అడుగు ఎన్నడు చూచితిరి?
2. పసుపును త్రాగునీటిలో కలుపుట ఏల వ్యర్థము?
3. మన సంఘము చెక్క కొనునప్పుడు నమూనా పరీక్ష కోరుటకు తీర్మానము చేయుదమా?