ఒకే ఫంక్షను – పెక్కు రకముల సరకులు

హిందూపురము మార్కెట్టులో పట్టుగూళ్లను, చింతపండును తూచి అమ్ముదురు. ధర్మవరమున పట్టుచీరలను లెక్కించి అమ్ముదురు. పెనుకొండ చెంత 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కార్ల కర్మాగారమునందును లెక్కయే గాని తూకము లేదు. ఇన్ని సరకులకు ఒకే కంప్యూటరు ప్రోగ్రాము చాలునా? చాలును; కాని అందొక మెలకువ కలదు.

ప్రోగ్రామునందు ఒక పనిని నెరవేర్చు భాగమును ఫంక్షను అందురు. ఏ రకపు సరకునకైనను పనిచేయునది జెనెరిక్ ఫంక్షను. పట్టీలోని వరుసలను లెక్కించుటకు అవి గూళ్లో చీరలో తెలియనక్కరలేదు. చిక్కు వెల కట్టునపుడు వచ్చును. గూళ్ల తూకమును కిలో ధరతో హెచ్చింపవలెను. చింతపండునకు ముందుగా సంచి బరువును తీసివేయవలెను. చీరలకు దేని వెల దానిదే, వానిని కూడవలెను.

దీనికి రెండు మార్గములు కలవు. మొదటిది, ఫంక్షను లోపలనే "ఇది గూళ్లా? చింతపండా? చీరలా?" అని అడిగి, రకమునుబట్టి లెక్క వేయుట. ఇది సులభమే. కాని రేపు వేరుసెనగ వచ్చినచో దాని ప్రశ్న ఎవరును వ్రాసియుండరు. అట్టి సమయమున ఫంక్షను సున్న వేసి సాగిపోయినచో, రైతు పద్దు నిశ్శబ్దముగా చెడును. కావున "ఈ రకము నాకు తెలియదు" అని ఆగిపోవునట్లు చివర తప్పక వ్రాయవలెను.

రెండవది, ప్రతి రకమును తన వెల కట్టు పద్ధతిని తనవెంట తెచ్చుకొనుట. ఫంక్షను "నీ వెల చెప్పుము" అని మాత్రమే అడుగును. 2022 మార్చిలో గో భాషకు జెనెరిక్ సౌకర్యము చేరినపుడు, రకమునకు ఏయే పనులు తెలిసియుండవలెనో ముందే నిర్ణయించు నిబంధనలు దానితో వచ్చినవి. నిబంధనకు లోబడని రకమును ప్రోగ్రాము నడువకమునుపే కంపైలరు త్రోసిపుచ్చును. జావా భాషలో 2004 నుండి జెనెరిక్ రకములు కలవు. కాని ప్రోగ్రాము నడచు వేళకు జాబితా ఏ రకపు వస్తువులదను గురుతు చెరిగిపోవును. కావున అప్పుడు జాబితాను చూచి రకము నడుగుట కుదరదు. రెండవ మార్గమే మేలు.

పంచాయతీ సభ్యులారా! ఇంటిపన్ను, నీటి రుసుము, దుకాణపు అద్దె – ఇవియును వేర్వేరు రకములే. క్రొత్త ప్రోగ్రాము వచ్చినపుడు, దానికి తెలియని పద్దు నొకటి వేయించి చూడుడు. ఆగి చెప్పినచో నమ్మవచ్చును. సున్న వేసి సాగినచో, సరిదిద్దువరకు అంగీకరింపకుడు.