ఇంట్లోనే పాటల రికార్డింగు

పాడిన పాట క్షణంలో గాలిలో కలిసిపోతుంది. దానిని పట్టి నిలిపే సాధనం మనిషికి చాలాకాలం దొరకలేదు. త్యాగరాజస్వామి 1767లో తమిళదేశంలోని తిరువారూరులో జన్మించారు. తిరువయ్యారులో నివసిస్తూ వందలాది తెలుగు కీర్తనలు రచించారు. 1847లో సిద్ధి పొందారు. అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ ధ్వనిని భద్రపరచే ఫోనోగ్రాఫు యంత్రాన్ని తయారుచేసింది 1877లో. మధ్య తేడా ముప్ఫై ఏళ్ళే. అందువల్ల త్యాగయ్యగారి గొంతు ఎలా ఉండేదో మనకు తెలియదు. శిష్యులు కంఠస్థం చేసి పాడుతూ వచ్చారు. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ వంటివారు వ్రాసి ఉంచారు. కీర్తనలు మనకు దక్కింది అందువల్లనే.

మరి వ్రాసి ఉంచే శిష్యులు లేని పాటల సంగతి ఏమిటి? లాలిపాటలు, దంపుళ్ళపాటలు, గొబ్బిపాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు ఒక నోటి నుండి మరొక నోటికి వచ్చినవే. నేదునూరి గంగాధరం వంటి పెద్దలు ఊరూరా తిరిగి ఎన్నో జానపద గేయాలను సేకరించారు. పుస్తకంలో పాట మాటలు నిలుస్తాయి. బాణీ, గొంతులోని విరుపు నిలవవు. వాటిని నిలిపేది రికార్డింగు ఒక్కటే.

మన దేశంలో గ్రామఫోను కంపెనీ మొదటి రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగాయి. గౌహర్ జాన్ అనే గాయని అప్పుడు పాడారు. ఒక్కొక్క రికార్డులో సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. పాట చివర ఆమె తన పేరు తానే గట్టిగా చెప్పేవారు. రికార్డులు జర్మనీలో అచ్చయ్యేవి. అక్కడివారు ఎవరి పాట ఏదో గుర్తించడానికే ఆమె అలా చెప్పేవారని అంటారు. తరువాత 1963లో క్యాసెట్టు వచ్చింది. ఇప్పుడు చేతిలోని ఫోనే రికార్డింగు యంత్రం. దీనిని సరదాగా ఒక అలవాటుగా చేసుకోవాలంటే డబ్బు కంటె ముందు కొంత తెలివిడి కావాలి.

ధ్వని అంటే గాలిలో కలిగే కంపనం. మైకులోని పలుచని పొర ఆ కంపనానికి అదురుతుంది. ఆ అదురు విద్యుత్ సంకేతంగా మారుతుంది. ఫోను ఆ సంకేతాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా దాచుకుంటుంది. కాంపాక్టు డిస్కుకు నిర్ణయించిన కొలత సెకనుకు 44,100 సార్లు. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు వినగలదు. ఒక కంపనాన్ని సరిగా పట్టాలంటే దానికి రెండు రెట్ల కంటె ఎక్కువసార్లు కొలవాలి. అంత పెద్ద సంఖ్యకు కారణం అదే.

మంచి రికార్డింగుకు ఖరీదైన మైకు కావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందు కావలసింది మంచి గది. ఖాళీ గదిలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టి వినండి. చప్పుడు వెంటనే ఆగక గోడల మధ్య మోగుతూ ఉంటే ఆ గది పాటకు పనికిరాదు. నున్నని గోడలు, బండల నేల ధ్వనిని అద్దంలాగా తిప్పికొడతాయి. వంటగది మరీ చెడ్డది. అక్కడ గోడలతోపాటు స్టీలు గిన్నెలు కూడా పాడతాయి! బట్టలు, బొంతలు, పరుపులు, బియ్యం బస్తాలు ధ్వనిని పీల్చుకుంటాయి. కాబట్టి పరుపులు పేర్చిన చిన్నగది ఉంటే అదే మీ స్టూడియో. లేకపోతే పాడేవారి వెనుక, ఇరుపక్కల తాళ్ళు కట్టి రెండు మూడు దుప్పట్లు వేలాడదీయండి. దుప్పటి మందంగా ఉండాలి. పలుచని చీర కట్టి లాభం లేదు.

తరువాత చప్పుళ్ళ సంగతి. మన చెవి ఫ్యాను మోతకు అలవాటుపడి దానిని పట్టించుకోదు. మైకుకు అటువంటి మొగమాటం లేదు. ఫ్యాను ఆపండి. ఫ్రిజ్జు ఉంటే పెద్దలనడిగి పాట అయ్యేవరకు ఆపి, మరల తప్పక వేయండి. ఫోనును విమానయానపు అమరికలో పెడితే నడుమ ఎవరి పిలుపూ రాదు. కుక్కరు కూతలు, బస్సు హారన్లు లేని సమయం చూసుకోవాలి. ఒక్క మినహాయింపు ఉంది. దంపుడు పాటకు రోకటి పోటే తాళం. ఆ చప్పుడు వద్దని తీసివేస్తే పాట నడకే పోతుంది. అక్కడ రోకలిని కూడా పాడనివ్వాలి.

మైకు ఎంత దూరంలో ఉండాలి? సాధారణంగా జానెడు మొదలు మూరెడు దూరం చాలు. దూరం రెండింతలైతే మైకును నేరుగా చేరే ధ్వని తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. గోడల నుండి తిరిగివచ్చే మోత మాత్రం అంతగా తగ్గదు. అందుకే దూరంగా పెట్టిన ఫోనులో గొంతు బావిలోనుండి వచ్చినట్లు వినబడుతుంది. దగ్గర అన్నాము కదా అని నోటికి ఎదురుగా పెట్టకూడదు. ప, ఫ, భ వంటి అక్షరాలు పలికేటప్పుడు వెలువడే ఊపిరి మైకుకు తగిలి ‘బుస్’మంటుంది. కొంచెం పక్కకు పెట్టాలి. అరచేతిని నోటి ముందు ఉంచి ఈ అక్షరాలు పలికితే ఆ గాలి మీకే తెలుస్తుంది. చాలా ఫోనులలో మైకు అడుగు అంచున ఉంటుంది. ఆ అంచు పాడేవారి వైపు ఉండాలి. ఫోను చేతిలో పట్టుకుంటే వేళ్ళ కదలిక కూడా రికార్డవుతుంది. మడతపెట్టిన తువాలుపై ఉంచండి.

అసలు పాటకు ముందు, పాటలో అన్నిటికంటె పైస్థాయిలో ఉండే భాగాన్ని పాడించి పరీక్షించాలి. ధ్వని మైకు భరించగల హద్దు దాటితే అలల శిఖరాలు తెగిపోతాయి, గొంతు చీలినట్లు వినబడుతుంది. తెగిన శిఖరాన్ని తరువాత ఎవరూ అతికించలేరు. కొంచెం తక్కువ స్థాయిలో ఉన్న రికార్డింగును మాత్రం తరువాత పెంచుకోవచ్చు.

ఫైలును వేవ్ రకంలో దాచడం మంచిది. రెండు చానళ్ళతో అయితే నిమిషానికి సుమారు 10 మెగాబైట్ల చోటు పడుతుంది. ఎంపీత్రీ రకంలో దాదాపు ఒక మెగాబైటు చాలు. కాని చెవి అంతగా గుర్తించని భాగాలను వదలివేయడం వల్లనే అది చిన్నదవుతుంది. వదలిన భాగం తిరిగి రాదు.

కంప్యూటరు అందుబాటులో ఉంటే మరొక వినోదం ఉంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్టువేరు 2000 సంవత్సరం నుండి దొరుకుతోంది. మొదట శ్రుతిని గాని, తాళాన్ని గాని రికార్డు చేసి, ఇయర్‌ఫోనులో దానిని వింటూ పాటను వేరే వరుసలో చేర్చవచ్చు. ఇయర్‌ఫోను లేకపోతే మొదటి వరుస కూడా మైకులోకి దూరుతుంది.

ఇక ఎవరి పాటతో మొదలుపెట్టాలి? సినిమా పాటలు ఎక్కడికీ పోవు. అవ్వ, జేజి, అమ్మమ్మ, మామ్మ అని మీరు ఏ పేరుతో పిలిచినా సరే, ఇంట్లో ఉన్న పెద్దావిడ పాటతో మొదలుపెట్టండి. హోసూరు, బళ్ళారి, షోలాపూరు, బరంపురం, యానాం వంటి చోట్ల తెలుగు ఇళ్ళలో ఇటువంటి పాటలు ఎన్నో ఉంటాయి. చాలావరకు అవి ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ముందుగా అనుమతి అడగాలి. “అవ్వా, నీ పాట దాచుకుంటాను, పాడతావా?” అంటే కాదనేవారు తక్కువ. పాట నడుమ ఆపకూడదు. పాటలో ఒక కన్నడ మాటో, అరవ మాటో, ఒరియా మాటో, మరాఠీ మాటో వస్తే దిద్దకూడదు. పాఠ్యపుస్తకంలోని మాటకు అది భిన్నంగా ఉండవచ్చు. కాని ఆ పాట ఏ ఊళ్ళో, ఎవరి ఇరుగుపొరుగున పెరిగిందో చెప్పే గుర్తు అదే.

పాట ముగిశాక గౌహర్ జాన్ పద్ధతిని పాటించండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి నోటితోనే చెప్పించి రికార్డు చేయండి. ఫైలుకు అదే పేరు పెట్టండి. ఒక ప్రతి ఫోనులో, మరొకటి వేరొక చోట ఉండాలి. వారిని అడగకుండా ఇతరులకు పంపకూడదు. అవ్వ రెండవసారి పాడినప్పుడు ఒక చరణం మారితే, ఏది సరైనదని వాదించక రెండింటినీ ఉంచండి.

అభ్యాసం

1. త్యాగరాజస్వామి కీర్తనలు మనకు ఎలా దక్కాయి?
2. దూరంగా పెట్టిన ఫోనులో గొంతు స్పష్టంగా వినబడదు. ఎందుకు?
3. “అక్కడ రోకలిని కూడా పాడనివ్వాలి.” ఈ మాటను వివరించండి.
4. మీ ఇంట్లోని పెద్దలు పాడే ఒక పాటను రికార్డు చేయండి. అందులో మీకు అర్థంకాని మాటలను వ్రాసుకొని, వాటి అర్థాలు వారినే అడిగి తెలుసుకోండి.