మెదక్ చర్చి: కట్టించినవారు, కట్టినవారు

వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే వ్యాసం ఏదైనా రాయమని సారు అడిగారు. చరిత్రలో ఎం.ఏ. చదువుతూ ఈమధ్య చూసి వచ్చిన మెదక్ చర్చి గురించి రాస్తున్నాం.

"మెదక్ చర్చిని కట్టించినది ఎవరు?" అనే బిట్టు పోటీ పరీక్షలకు చదివేవారందరికీ తెలిసిందే. జవాబు చార్లెస్ వాకర్ పాస్నెట్. మేము కూడా మన స్టడీ అవర్లో బట్టీ పట్టాం. కట్టింది ఎవరు అనే బిట్టు మాత్రం మేము చదివిన ఏ గైడులోనూ లేదు. అక్కడికి వెళ్ళాక మమ్మల్ని పట్టుకున్న ప్రశ్న అదే.

బీచుపల్లిలో బస్సెక్కి, కృష్ణ వంతెన దాటి, పెబ్బేరు, కొత్తకోట, జడ్చర్ల మీదుగా హైదరాబాదు చేరాం. జేబీఎస్‌లో మెదక్ బస్సు పట్టుకున్నాం. క్లాసుమేట్లతో పాటు మా నాయనను కూడా తీసుకుపోయాం. ఆయన చాలా ఏళ్ళుగా హైదరాబాదులో సెంటరింగు పని చేస్తున్నాడు. చదువు రాదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా మాతోనే మొదలు. ఎన్నో బిల్డింగులు లేపిన మనిషి, టికెట్టు పెట్టుకొని ఒక బిల్డింగు చూడటానికి పోవడం ఆయనకు ఇదే మొదటిసారి.

ముందు కొలతలు చెబుతాం. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. లోపల ఐదు వేల మంది వరకు కూర్చోవచ్చు అంటారు. తమ్ముళ్ళకు అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే, పొడవు వెడల్పుల ప్రకారం పద్నాలుగు కబడ్డీ కోర్టులు పడతాయి. కట్టడం సిలువ ఆకారంలో ఉంది గనుక మూలల జాగా తీసేస్తే కొంచెం తగ్గుతుంది. పని 1914లో మొదలై పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024లో నూరేళ్ళు నిండాయి.

మాలో ఒకరు దీన్ని చూడగానే "బరోక్ శైలి" అన్నారు. అది పొరపాటు. పాత గోవాలో పోర్చుగీసువారు కట్టిన చర్చీలు ఆ కోవలోకి వస్తాయి. 1605లో పూర్తయిన బోం జీసస్ బసిలికా బరోక్‌కు పేరుపొందినది. దాని ఎదుట ఉన్న సె కెథడ్రల్ నిర్మాణం 1619లో ముగిసింది. దానికి రెండు గోపురాలుండగా 1776లో ఒకటి కూలిపోయింది, ఈనాటికీ ఒంటి గోపురంతోనే ఉంది. బరోక్ అంటే మెలికలు తిరిగిన స్తంభాలు, బంగారు పూత వేసిన వేదికలు, చూసేవాడిని ఒక్కసారిగా ముంచెత్తే అలంకారం. మెదక్‌లో ఆ బంగారం కనబడదు. ఇది గోథిక్ పునరుద్ధరణ శైలి. యూరపులో మధ్యయుగంలో పుట్టిన గోథిక్‌ను ఇంగ్లీషువారు పందొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ బయటికి తీశారు. గుర్తుపట్టడం తేలిక. కమాను పైభాగం గుండ్రంగా కాక రావి ఆకు కొసలాగా మొనదేలి ఉంటుంది. సన్నని పొడుగు కిటికీలు, పైకి లాగినట్టుండే గోపురం, అన్నీ చూపును ఆకాశం వైపే తీసుకుపోతాయి.

మేము ఈ తేడాలు నోటుబుక్కులో రాసుకుంటుంటే మా నాయన కమానుల కింద నిలబడి మెడ ఎత్తి చాలాసేపు చూశాడు. "బిడ్డా, గింత ఎత్తుల సెంటరింగు ఎట్ల కొట్టిన్రో?" అన్నాడు.

మా పాఠాలలో ఎన్నడూ రాని ప్రశ్న అది. కమాను తనంత తాను నిలబడేది చివరి రాయి, అంటే నడినెత్తిన ఉండే తాళపు రాయి, పడిన తర్వాతే. అంతవరకు ప్రతి రాయినీ కింద కట్టెల చట్రం మోయాలి. తాళపు రాయి కూర్చున్నాక రాళ్ళు ఒకదానినొకటి నొక్కుకుంటూ బరువును పక్కలకు, స్తంభాల మీదికి పంపుతాయి. అప్పుడు చట్రం విప్పుతారు. మొనదేలిన కమాను బరువును గుండ్రటి కమాను కన్నా ఎక్కువగా కిందికి దింపుతుంది, పక్కలకు తక్కువగా తోస్తుంది. గోథిక్ కట్టడాలు అంత ఎత్తు పోగలగడానికి ఇదొక కారణం. మన పక్కనే అలంపూరులో చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల శిఖరాలలో ఇలాంటి కమాను లేదు. రాతి వరుసలను కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోయారు.

ఇక కూలీల సంగతి. పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన ఇంగ్లీషు ఫాదరీ. 1895లో సికింద్రాబాదుకు వచ్చి, తర్వాత మెదక్ చేరాడు. చర్చి కడుతున్న కాలంలోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, ధరలు పెరిగాయి. 1918లో దేశంలో చాలాచోట్ల వానలు పడలేదు, అదే ఏడు ఇన్‌ఫ్లూయెంజా జ్వరం ఊళ్ళను ఊడ్చింది. కరువు జనానికి పని చూపి, ఆ కూలితో కడుపు నింపడం ఈ నిర్మాణంలో భాగం. ఇది కొత్త పద్ధతి కాదు. లక్నోలో నవాబు ఆసఫుద్దౌలా 1784లో బడా ఇమాంబాడా పని మొదలుపెట్టించింది కూడా కరువు పని కిందనే.

ఆ రోజుల్లో మెదక్ పల్లెల నుంచి మిషనులో చేరినవారిలో మాల, మాదిగ కుటుంబాలే ఎక్కువ. ఊరి గుడి గడప వారికి లేదు. దొరల దగ్గర వెట్టి ఉంది. అదే కాలంలో హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ (1888–1939) ఈ కులాల పిల్లలకు బడులు పెట్టాడు. ఆ పల్లెవాళ్ళు లోపలికి పోయి కూర్చోగల అంత పెద్ద కట్టడం అప్పటికి వాళ్ళ ఎరుకలో మరొకటి ఉండి ఉండదు.

దీని మీద మాకు అక్కడి మెట్ల మీదనే వాదం నడిచింది. కరువులో ఉన్నవాడు ఎంత తక్కువ కూలికైనా వస్తాడు, ఇందులో దయ ఏముంది అని ఒకరు. వెట్టి చేసేవాడికి కూలి చేతికి రావడమే పెద్ద మార్పు అని ఇంకొకరు. మా నాయన విని, "కడుపు కాలినోడు బేరమాడడు. కానీ కూలి ఇస్తే అది పని, ఇయ్యకుంటే వెట్టి" అన్నాడు. ఆయన చిన్నతనంలో గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని వేరే రాష్ట్రంలో డ్యాం పనికి పోయినవాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఏ డ్యాం మీద మాత్రం వాళ్ళ పేర్లు చెక్కారు? మెదక్‌లో కూడా కూలీల పేర్లున్న పలక మాకు కనబడలేదు. మా అభిప్రాయంలో ఇద్దరి వాదమూ సగం సగం నిజమే.

రంగు అద్దాల గురించి చెప్పకపోతే తప్పు. వేదిక వెనక క్రీస్తు ఆరోహణం, రెండు పక్కల రెక్కలలో ఒకవైపు జననం, మరోవైపు సిలువ. గీసినది లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఆరోహణం 1927లో అమర్చారు. రంగు గాజు ముక్కలను సీసపు పట్టీలతో కలిపి బొమ్మగా కూర్చుతారు. బయట నుంచి చూస్తే నల్లటి అద్దంలాగే ఉంటుంది, లోపలికి వచ్చి ఎండ దాని వెనక పడినప్పుడే బొమ్మ లేస్తుంది. అందుకని చూడదలచినవారు మబ్బు పట్టని రోజున, పగటి పూటే వెళ్ళండి.

మరో సంగతి. కెథడ్రల్ అంటే బిషప్ పీఠం ఉన్న చర్చి. ఇంగ్లీషు మెథడిస్టులకు బిషప్పులే లేరు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెదక్‌కు బిషప్ వచ్చిన తర్వాతనే ఇది కెథడ్రల్ అయింది. పరీక్షకు పనికొస్తుంది, రాసుకోండి.

తిరుగు బస్సులో మేమంతా నిద్రపోయాం. మా నాయన మాత్రం కట్టె బొంగుల లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. పెబ్బేరు దాటాక మమ్మల్ని తట్టి లేపి, "పైవారం అలంపురం పోదాం. సెంటరింగు లేకుంట ఎట్ల లేపిన్రో చూడాలె" అన్నాడు.